పట్టకం, గ్రహణం, గుంటూరు

కొండవీడు అనగానే మన చరిత్ర గ్రంథాలు రెడ్డిరాజుల కోటనూ, పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుణ్ణీ, 1515లో దుర్గాన్ని పట్టుకున్న కృష్ణదేవరాయలనూ తలుచుకుంటాయి. అది తప్పేమీ కాదు. కాని రాజులు మారటమే చరిత్ర అనుకున్నంతకాలం ఆ కొండల మీదుగా సాగిన మరొక ఘటన మన దృష్టికి ఆనదు. 1868 ఆగస్టు 18 ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో చంద్రుని నీడ పడమటి దిక్కునుంచి వచ్చి కొండవీటిని కప్పి, కొద్ది సెకన్లలో గుంటూరు చేరింది. ఐదు నిమిషాలకు పైగా పట్టపగలు చీకటయింది. ఆ చీకట్లో ఒక గాజు పట్టకం సూర్యుని గుట్టు విప్పింది.

పట్టకం చేసే పని ఏమిటి? గాలిలోకంటే గాజులో వెలుగు నెమ్మదిగా నడుస్తుంది. మామూలు గాజులో దాని వేగం మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. గట్టి బాట మీద పోతున్న ఎడ్లబండి ఏటవాలుగా నల్లరేగడి బురదలోకి దిగిందనుకుందాం. ముందు దిగిన చక్రం వేగం తగ్గుతుంది, రెండోది పాత వేగంతోనే పోతుంది. బండి పక్కకు తిరుగుతుంది. వెలుగు వంగటమూ ఇలాంటిదే. కిటికీ అద్దానికి రెండు ముఖాలూ సమాంతరం గనక, లోపలికి పోతూ వంగినది బయటికి వస్తూ మళ్ళీ సరవుతుంది. పట్టకం ముఖాలు సమాంతరం కావు. రెండోసారి కూడా అదే వైపు వంగుతుంది. పైగా గాజులో ఊదారంగు ఎరుపుకంటే ఎక్కువ నెమ్మదిస్తుంది, ఎక్కువ వంగుతుంది. అందుకే తెల్లని వెలుగు రంగుల పట్టీగా విచ్చుకుంటుంది.

ఈ జ్ఞానం ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. 14వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో, అంటే రెడ్డిరాజ్యం తలెత్తే కాలానికి కాస్త ముందు, పారశీక పండితుడు కమాలుద్దీన్ ఫారిసీ నీళ్ళు నింపిన గాజుగోళంతో ఇంద్రధనుస్సును వివరించాడు. రంగులను గాజు పుట్టించదనీ, అవి వెలుగులోనే ఉన్నాయనీ న్యూటన్ 1672లో ప్రకటించాడు. ఒక పట్టకం విడదీసిన రంగును రెండో పట్టకం గుండా పంపినా అది మారలేదు. అదే ఆయన రుజువు. 1814లో సూర్యుని రంగులపట్టీలో వందలాది నల్లని గీతలను లెక్కపెట్టిన ఫ్రాన్‌హోఫర్ విశ్వవిద్యాలయం పెంచిన పండితుడు కాడు. అద్దాలపనివాని కొడుకు, పదకొండేళ్ళకే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని పనిలో చేరినవాడు. మంచి కటకాలు చేయటానికి గాజును పరీక్షిస్తూ ఆ గీతలను కొలిచాడు. శ్రమకూ శాస్త్రానికీ మధ్య గోడ లేదనటానికి ఇంతకంటే నిదర్శనం కావాలా?

నక్షత్రాలు ఏ పదార్థంతో చేసినవో మనిషి ఎన్నటికీ తెలుసుకోలేడని 1835లో తత్వవేత్త కోంతు తీర్మానించాడు. పాతికేళ్ళు తిరగకముందే కిర్చాఫ్, బున్సెన్ లు ప్రతి మూలకానికీ దానిదే అయిన గీతల గుర్తు ఉంటుందని చూపించారు. మానవ జ్ఞానానికి శాశ్వతమైన సరిహద్దులు గీసేవారికి చరిత్ర చెప్పిన జవాబు అది.

ఆ జవాబును పట్టుకునే ఫ్రాన్సునుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట పరికరాలు నిలిపాడు. బ్రిటిషు ప్రభుత్వం తరఫున టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే ఉంది. సూర్యుని అంచున ఎగసే జ్వాలలను జాన్సెన్ వర్ణపటదర్శినిలో చూశాడు. అక్కడ కనిపించినవి మెరిసే గీతలు. అంటే అది మండే వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండానే వీటిని చూడవచ్చునని ఆయనకు తోచింది. మర్నాటి ఉదయమే చూశాడు. రెండు వారాలకు పైగా చూస్తూనే ఉన్నాడు. గ్రహణం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే అగత్యం జ్వాలల పరిశీలనకు తప్పిపోయింది.

“హీలియం గుంటూరులో పుట్టింది” అని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఇక్కడ నిదానించాలి. జాన్సెన్ కనుగొన్నది పద్ధతిని. సోడియం గీతకు దగ్గరగా ఉన్నా సరిగ్గా దానితో కలవని గీతను ఆ రోజు మచిలీపట్నంలో పాగ్సన్ గుర్తించాడు. అక్టోబరు 20న ఇంగ్లండులో లాక్యర్ తనంతట తానే అదే పద్ధతి సాధించి, పసుపుపచ్చ గీతను నిర్ధారించాడు. దానికి కారణమైన పదార్థానికి హీలియం అని పేరు వచ్చింది. 1895లో రాంసే దాన్ని భూమి మీది ఖనిజంలో పట్టుకున్నాడు. ఇది ఒక ఊరి ఘనత కాదు, ఒక మనిషి ఘనత అంతకంటే కాదు. చేతులు మారుతూ పెరిగిన సమష్టి కృషి.

ఆ గడ్డ పరిస్థితినీ మరువరాదు. 1788లో గుంటూరు సర్కారు కుంపిణీ వశమయింది. 1833 నాటి కరువులో ఈ ప్రాంతంలో లక్షకు పైగా జనం మాడిపోయారు. 1864 ఉప్పెనలో బందరు ప్రాంతంలో దాదాపు 30 వేలమంది కొట్టుకుపోయారు. నాలుగేళ్ళకు అదే గడ్డ మీద దూరదర్శినులు లేచాయి. దోపిడీ చేసిన పాలనే శాస్త్రాన్నీ మోసుకొచ్చింది. ఆ కారణంగా శాస్త్రాన్ని తోసెయ్యటం అవివేకం; శాస్త్రాన్ని తెచ్చిందని దోపిడీని మెచ్చుకోవటం బానిసత్వం.

గ్రహణం నీడ వల్లనే కలుగుతుందని ఆర్యభటుడు 499 నాటికే చెప్పాడు. అయినా పట్టుస్నానం, విడుపుస్నానాల మధ్య జనం తలుపులు మూసుకున్నారు. తెలిసినవాడు తెలియనివాడికి చెప్పకపోతే జరిగేది అదే. ఈ సంగతి గ్రహించినవాడు మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి. 1868లో ఆయన బృందం వనపర్తి వెళ్ళింది. మబ్బులు కమ్మి ఆశ నెరవేరలేదు. కాని 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటే ఘట్టాన్ని గురించి ఆయన దేశభాషల్లో జనానికి వివరించాడు. మబ్బు కప్పినవాడి పేరు కూడా మన చరిత్రలో ఉండాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పిల్లలను కొండవీడు కోట చూడటానికి తీసుకుపోతాం. ఈసారి సంచిలో ఒక గాజు పట్టకం కూడా వేసుకుపోదాం. బురుజు మీద నిలబడి తెల్లకాగితం మీద ఏడు రంగులు పడనిచ్చి, ఆ నీడ కథ తెలుగులోనే చెబుదాం. రాతికోటను రాజు ఒకడు గెలిచి ఇంకొకడికి పోగొట్టుకుంటాడు. చేతికి అందిన జ్ఞానాన్ని జనం దగ్గరనుంచి ఎవడూ మళ్ళీ గుంజుకోలేడు.