బొమ్మ బ్రూటస్‌ది, బొరుసు బాకులది

క్రీస్తుపూర్వం 42. సైన్యం వెంటే టంకశాల కూడా కదులుతోంది. కొలిమి దగ్గర పనివాడు కాగిన వెండి బిళ్ళను పటకారుతో తీసి కింది అచ్చు మీద పెట్టాడు. దానిపైన రెండో అచ్చు నిలబెట్టాడు. సుత్తి పడింది. బొమ్మా బొరుసూ ఒకేసారి తేలాయి.

దాన్ని తిప్పి చూడకుండా ఉండగలిగాడా?

బొరుసు వైపు రెండు బాకులు, వాటి నడుమ ఒక టోపీ. రోములో విముక్తి దొరికిన బానిస పెట్టుకునే టోపీ అది. కింద ‘ఈద్ మార్’ అని అక్షరాలు. అంటే మార్చి 15. రెండేళ్ళ కిందట ఆ రోజునే పాంపే నాటకశాల పక్క సభామందిరంలో జూలియస్ సీజర్‌ను పొడిచి చంపారు. ఒంటి మీద 23 గాయాలు. హత్య చేసినవాడు ఆనవాళ్ళు చెరుపుకోవడం మామూలు. ఈ నాణెం కొట్టించినవాడు తేదీ వేయించి మరీ సిపాయిలకు జీతంగా పంచాడు!

తిప్పితే బొమ్మ. చిరుగడ్డంతో బ్రూటస్ ముఖం.

నాకు మింగుడుపడనిది ఇదే. బతికున్న మనిషి ముఖాన్ని నాణెం మీద వేసుకోవడం రోము నగరంలో రివాజు కాదు. సీజర్ తన చివరి రోజుల్లో ఆ గీత దాటాడు. రాజైపోతున్నాడని అతన్ని పొడిచినవాళ్ళలో బ్రూటస్ ఒకడు. కుర్రతనంలో టంకశాల అధికారిగా ఉన్నప్పుడు స్వేచ్ఛాదేవత ముఖాన్నీ, రాజులను తరిమాడని చెప్పుకునే తన పూర్వీకుణ్ణీ నాణేల మీద వేయించినవాడు. అలాంటివాడు ఇప్పుడు తన ముఖమే వేయించుకున్నాడు. జీతం తీసుకున్న సిపాయికి ఈ గొడవ పట్టి ఉండదు. వెండి మంచిదా కాదా, అంతే.

ఆ అక్టోబరులో ఫిలిప్పీ మైదానం. మొదటి పోరులోనే అంతా పోయిందనుకుని తోటి కుట్రదారు కాసియస్ ప్రాణం తీసుకున్నాడు. 23న రెండో పోరు. సీజర్ పక్షంవాళ్ళు ఆంటోనీ, ఆక్టేవియన్ గెలిచారు. బ్రూటస్ తన కత్తి మీద తానే పడ్డాడు. ఓడినవాడి నాణేలు ఎన్ని కొలిమిలో కరిగాయో! రెండు వందల ఏళ్ళు దాటాక కూడా చరిత్రకారుడు డియో వీటి గురించి రాశాడు. టోపీ, బాకుల సంగతి మరిచిపోలేదు.

మిగిలిన కొద్దివాటిలో ఒకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. నాలుగు గ్రాములు కూడా తూగని వెండి. బాకుల పిడులు పరీక్షగా చూడండి, రెండూ ఒక్కలా ఉండవు. ఒకటి బ్రూటస్‌ది, ఒకటి కాసియస్‌ది అనేవాళ్ళున్నారు. ఫిలిప్పీలో కాసియస్ చచ్చింది సీజర్‌ను పొడిచిన ఆ బాకుతోనే అని ప్రాచీన రచయిత ప్లూటార్క్ రాశాడు.