అలుగుకు పేరెవరు పెట్టాల?

అట్ల మంటకు దగ్గరగా జరిగి కూచోండి నాయనా. ధనుర్మాసం మొబ్బు, స్వర్ణముఖి మీంద నుంచి వచ్చే గాలి నేరుగా చెవుల్లోకి పోతాది. ఆ చింతమొద్దును ఇంకొంచెం లోపలికి తొయ్యి అమ్మణ్ణీ.

పొద్దున అమెరికా నుంచి మీ అన్న ఫోన్ చేసినాడు. ఆడ వాడి స్నేహితుడొకడు కట్టెవిల్లు పట్టి వేటాడేవాడంట. ఆ దేశంలో లైసెన్సు తీసుకోని, సర్కారు చెప్పిన కాలంలో, చెప్పిన జంతువును విల్లుతో కొట్టొచ్చు. ఆ పిల్లోడు సొంతంగా ఒక కొత్త అలుగు, అంటే బాణానికి ముందర తొడిగే మొన, చేసినాడు, రెండు రెక్కలది. దాన్ని అమ్మకానికి పెట్టబోతా పేరు కోసం తడుముకుంటా వుండాడు. "తాతా, నువ్వు కొలిమి కాడ పుట్టినోడివి, సంస్కృతం చదివినోడివి, మంచి పేరొకటి చెప్పు" అని మీ అన్న అడిగినాడు. రేపు చెప్తాలే అన్నా. అలుగు అంటే ఏందో, దానికి పేరెట్ల వస్తాదో తెలిసినోడికే ఆ పేరు చెప్పాల. మీరూ వినండి.

మా నాయన కొలిమి ఏర్పేడు నుంచి వెంకటగిరికి పొయ్యే దోవ పక్కన వుండేది. పొద్దు పొడిచినప్పట్నుంచి మడక కర్రులు, కొడవళ్ళు, గొడ్డళ్ళు, బండి చక్రాల పట్టాలు, ఇదే పని. రైతులు దుడ్లిచ్చేది తక్కువ. కళ్ళం అయినాక మేర కొలిచి ఇచ్చేవాళ్ళు, ఆ గింజలతోనే ఏడాదంతా మా ఇల్లు గడిచేది. నేను తిత్తి వూదేవాణ్ణి. మాపటేళ ఎప్పుడన్నా కొండకింద పల్లె నుంచి ఒక ముసలి వేటగాడు వచ్చేవాడు. వొచ్చినోడు నలుగురూ పొయ్యిందాకా వేపమాను కింద గమ్మున కూచోనేవాడు. అందరూ పోయినాక కోల తీసి దాగలి మీంద పెట్టేవాడు.

ఒకసారి ఆయన తెచ్చిన కోల నాకు ఇప్పటికీ కండ్ల ముందరుంది. వెదురు కోల, తోకకాడ గద్ద ఈకలు దారంతో చుట్టి తుమ్మజిగురు పట్టించినాడు. అలుగు మాత్రం మొన కాడ వంకరపోయింది. పంది భుజమెముకకు తగిలిందంట. పంది తప్పించుకోని పోయింది. రెండు రోజులు నెత్తురు జాడ పట్టుకోని తిరిగినా దొరకలేదంట. ఆ మాట చెప్తా ఆయన తల ఎత్తలేదు. "గాయం చేసి వొదిలేసినా ఆచారీ. ఆ పాపం నాది" అన్నాడు.

మా నాయన ఆ అలుగును వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూసినాడు. "ఇనుము మెత్తన తాతా, రెక్క వెడల్పు ఎక్కువ. లోపలికి పొయ్యేలోపలే బలమంతా అయిపోతా వుంది" అన్నాడు. పాత లారీ కమాను పట్టె ముక్క ఒకటి దాచిపెట్టుకోనున్నాడు, దాన్ని తీసి తుమ్మ బొగ్గుల్లో పెట్టినాడు. ఎర్రగా కాగినాక పట్టకారుతో పట్టి, సుత్తితో పల్చగా సాగగొట్టి, వెనక భాగాన్ని గుండ్రంగా మడిచి కోల దూరేదానికి గొట్టం చేసినాడు. వెడల్పు ఒకటైతే పొడవు మూడు వుండేట్టు కొలిచి కోసినాడు. అంచులు రెండూ ఆకురాయితో రుద్ది, మళ్ళా కాల్చి నీళ్ళలో ముంచినాడు. పదును చూసేదానికి బొటనవేలి గోరు మీంద అంచును ఆనించినాడు. జారిపోతే పదును లేదు, గోరును పట్టుకోని నిలిచిందంటే వున్నట్టు లెక్క. నిలిచింది.

అలుగు తూటా మాదిరి కాదు నాయనా. తూటా తగిలితే చాలాసార్లు ఆ దెబ్బకే జంతువు కూలిపోతాది. అలుగు కోస్తాది. నరాలు తెగి, నెత్తురు పోయి, జంతువు పడిపోతాది. అంచు మొద్దుగా వుంటే కొయ్యదు, చీలుస్తాది. చీలిన గాయంతో జంతువు పొదల్లోకి పోయి రోజుల తరబడి అల్లాడతాది. అందుకే విల్లు వేటలో చెయ్యి ఎంత ముఖ్యమో పదునూ అంతే ముఖ్యం. కొట్టినాక వెంటనే తరమకుండా కాసేపు ఆగాలని కూడా ఆ ముసలాయన చెప్పేవాడు. తరిమితే భయంతో దూరం పోతాది, వొదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటాదంట.

మీ అన్న చెప్పిన మాట విని నాకు ఆశ్చర్యమైంది. అమెరికాలో హోవర్డ్ హిల్ అని పేరుమోసిన విలుకాడు ఒకాయన వుండేవాడంట. 1938లో వచ్చిన రాబిన్‌హుడ్ సినిమాలో బాణాలేసింది ఆయనే. ఆయన కూడా రెండు రెక్కల అలుగుకు వెడల్పు ఒకటైతే పొడవు మూడు వుండాలనేవాడంట. ఆయనెవరో మా నాయనకు తెలీదు, మా నాయనెవరో ఆయనకు తెలీదు. ఇనుము, ఎముక, వెదురు కలిసి ఇద్దరికీ అదే పాఠం చెప్పినాయి. ఈ కాలపు పిల్లోడి అలుగు బరువు 180 గ్రెయిన్లు అని కూడా మీ అన్న చెప్పినాడు. మన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లే, అంటే పదకొండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. మా నాయన కూడా ఒకే పొదిలోకి పొయ్యే అలుగులన్నిటినీ తక్కెట్లో తూచి సమానం చేసేవాడు. బరువు తేడా వస్తే ఒకే చేతి నుంచి పోయినా కోలలు తలా ఒక దిక్కు పడతాయి.

ఇంగ పేరు సంగతికి వస్తా. ఆ పొద్దు ఆ అలుగు తీసుకోని ముసలాయన కొండకు పోయినాడు. మా నాయన దానికి ఏ పేరూ పెట్టలేదు. కొన్నాళ్ళకు మళ్ళా వచ్చి వేపమాను కింద కూచోని, నలుగురూ పోయినాక, "ఆచారీ, ఇంకో వెదురాకు కొట్టియ్యి" అన్నాడు. మా నాయనకు ముందర అర్థం కాలేదు. ముసలాయన పొదిలోంచి ఆ అలుగు తీసి చూపించినాడు. సన్నగా, పొడుగ్గా, నడుమున ఈనె తేలి, అచ్చం వెదురాకే. ఆ దినం నుంచి మా కొలిమిలో అది వెదురాకు. పాత వెడల్పు రకం వేపాకు అయింది. పిట్టల్ని కొట్టేదానికి మొన లేకుండా చేసేది మొద్దుకోల. ఒక్కటి కూడా మా నాయన పెట్టిన పేరు కాదు. చేసేవాడి పని చెయ్యడం వరకే. వాడేవాడికి ఇంకోటి కావాల్సొచ్చినప్పుడు నోట్లోంచి ఏ మాట వస్తాదో అదే దాని పేరు.

ఇది మా పల్లెటూరి మాటేనని నేను అనుకునేవాణ్ణి. ఆ తర్వాత వ్యాసాశ్రమంలో చదువుకు చేరినా. మన ఏర్పేడులో ఆ ఆశ్రమాన్ని మలయాళస్వామి 1926లో పెట్టినాడు. కులం చూడకుండా, ఆడామగా చూడకుండా వేదాంతం, సంస్కృతం చెప్పించిన మహానుభావుడు ఆయన. ఆయన అట్ల తలుపు తెరిచిపెట్టబట్టే కమ్మరి బిడ్డనైన నాకు ఆ చదువు దొరికింది. 14వ శతాబ్దంలో కూర్చిన శార్ఙ్గధర పద్ధతి అనే పెద్ద సంకలనంలో ధనుర్వేదం భాగం ఒకటుంది. దాంట్లో అలుగుల పేర్లు చదివినప్పుడు నాకు మా కొలిమి గుర్తుకొచ్చింది. కాకతుండం అంటే కాకి ముక్కు. వత్సదంతం అంటే దూడ పల్లు. గోపుచ్ఛం అంటే ఆవు తోక. సూచీముఖం, సూది మొన. అర్ధచంద్రం, సగం చందమామ. క్షురప్రం, మంగలికత్తి అంచున్నది. సూచీముఖం కవచాన్ని గుచ్చేదానికి, అర్ధచంద్రం తలను కోసేదానికి అని ఒక్కోదానికి ఒక్కో పని కూడా చెప్పినారు. అన్నీ కంటికి కనిపించిన రూపాన్ని బట్టో చేతికి తెలిసిన పనిని బట్టో పుట్టిన పేర్లే. ఒక్కటన్నా బడాయికి పెట్టింది లేదు.

అమెరికాలో ఫ్రెడ్ బేర్ అనే ఇంకో పెద్ద విలుకాడు 1950లలో ఒక అలుగు తెచ్చినాడు. దాని పేరు రేజర్‌హెడ్. అంటే మంగలికత్తి తల. మన క్షురప్రమూ అదే తలంపు. సముద్రాలు దాటినా, వందల ఏండ్లు గడిచినా, పదును తెలిసినోడి నోట్లో నుంచి అదే పోలిక వచ్చింది.

ఇంగ మన కాళాస్తి తిన్నడి సంగతి వినండి. ఈ నేలలో విల్లు పట్టినోళ్ళందరికీ ఆయనే పెద్ద. విష్ణువు విల్లుకు శార్ఙ్గమని పేరుంది, శివుడి విల్లుకు పినాకమని పేరుంది, అర్జునుడిది గాండీవం. ఇప్పటి సైన్యం రాకెట్లకు కూడా పినాక అనే పెట్టుకున్నారు. తిన్నడి విల్లుకు పేరు లేదు, బాణానికీ లేదు. శివుడికి పుక్కిటితో నీళ్ళు తెచ్చి, కాల్చిన మాంసం రుచి చూసి పెట్టిన బోయోడు ఆయన. స్వామి కంట నెత్తురు కారతా వుంటే ఏ మందుకూ నిలవకపోతే, తన కన్నే పెకలించి పెట్టినాడు. దేంతో పెకలించినాడు? అడవిలో పందుల్ని, జింకల్ని కొట్టిన ఆ బాణపు మొనతోనే. రెండో కంట కూడా నెత్తురొస్తే, గుడ్డోడైనాక తావు తెలిసేదానికి కాలి వేలితో గుర్తు పెట్టుకోని రెండో కంటికి మొన ఎత్తినాడు. అప్పుడు స్వామి చెయ్యి పట్టి ఆపినాడు. ఆ పొద్దు నుంచి తిన్నడు కన్నప్ప అయినాడు. అమ్మానాయన పెట్టిన పేరు పక్కకు పోయింది, చేసిన పని పేరై నిలిచింది. మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలకు కాళాస్తిలో మొదటి జెండా ఎగిరేది ఈ పొద్దుకూ కన్నప్ప కొండ మీందనే. దేవుడి కంటే ముందర భక్తుడికి.

మీరు అడగొచ్చు, ఇట్లాంటి వస్తువుకు కన్నప్ప పేరు పెడితే బాగుంటాది కదా అని. నేను వొద్దంటా. ఆ మొన చివరికి తన మీందికే తిరిగింది. ఆ త్యాగాన్ని తీసుకోని అంగట్లో డబ్బా మీంద అచ్చు వెయ్యకూడదు. అలుగు నెత్తురులో మునుగుతాది, మట్టిలో పడతాది, దాని మీంద దేవుడి పేరు, భక్తుడి పేరు వొద్దు. యముడు, మృత్యువు, కాలకూటం లాంటి పేర్లు ఇంకా వొద్దు. ప్రాణం ఇచ్చే జంతువు ముందర బడాయి పనికిరాదు. మన గుడిమల్లంలో లింగం మీంద చెక్కిన రూపాన్ని చూసినారు కదా. చాలామంది పండితులు అది క్రీస్తుకు ముందు కాలానిదంటారు. ఒక చేతిలో పొట్టేలు, ఒక చేతిలో చెంబు, భుజాన గొడ్డలి. వేటగాణ్ణి దేవుడిగా చూసిన నేల మనది. ఆ నేల వేటను గౌరవించింది, వేటాడిన జంతువునూ గౌరవించింది.

మా కొలిమిలో అలుగులు ఎప్పుడో ఆగిపోయినాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినాక, మా నాయన ఇంగ అలుగు కొట్టనని చెప్పేసినాడు. ముసలాయన కూడా మారుమాట చెప్పకుండా వొప్పుకున్నాడు. అప్పటికే కొండలో దుప్పులు కనిపించేది తగ్గిపోయింది. 1989లో శేషాచలం కొండల్లో శ్రీ వెంకటేశ్వర జాతీయ పార్కు పెట్టినారు. చట్టం రావడం మంచిదైంది, లేకపోతే మీరు దుప్పిని బొమ్మలోనే చూసేవాళ్ళు. విల్లు మాత్రం పోలేదు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆమె బాణం మొన కాయితాన్ని గుచ్చితే చాలు, కోసే పని లేదు.

ఇంగ మీ అన్నకు రేపు చెప్పబోయేది ఇది. ఆ పిల్లోణ్ణి పేరు పెట్టేదానికి తొందరపడొద్దను. చేసిన అలుగుల్ని పేరు లేకుండానే నమ్మకమైన వేటగాళ్ళకు ఇమ్మను. ఒక వేటకాలం వాళ్ళు వాడనీ. గోరు మీంద నిలబడేంత పదును ఎన్నాళ్ళుంటాదో, ఎముకకు తగిలితే వంగుతాదో లేదో వాళ్ళనే చెప్పమను. ఇంకోటి కావాలని వచ్చినప్పుడు వాళ్ళు ఏ మాటతో అడుగుతారో ఆ మాట రాసిపెట్టుకోమను. పది మంది అదే మాట అంటే అదే దాని పేరు. అంత ఆగలేను, ఇప్పుడే కావాలంటే వెదురాకు తీసుకోమను, వాడి అలుగు కూడా మూడుకొకటి కొలతదైతే సరిపోయే పేరే. అయితే ఒక కట్టుబాటు. ఆ పేరు నాదని గాని, మా నాయనదని గాని రాయొద్దు. ఏర్పేడు పక్క కొండకింద వుండిన ఒక వేటగాడు పెట్టిన పేరని, ఆయన పదును లేని అలుగును పాపమనేవాడని, డబ్బా మీంద రాయమంటా.