దస్తరం ఎవరి స్వాధీనం? కరణం లెక్కల నుండి క్లౌడ్ చందా వరకు

1. ఉపోద్ఘాతం

పత్రాలు, పద్దులు రాసుకునే సాఫ్ట్‌వేర్‌కు ఏటేటా చందా కట్టి క్లౌడ్‌లో వాడుకోవాలా, లేక సొంత కంప్యూటరులోనే ఉంచుకోవాలా అన్న ప్రశ్న నేడు గ్రామీణ కళాశాలల ముందు, పంచాయతీ కార్యాలయాల ముందు, సహకార సంఘాల ముందు ఉంది. ఈ చర్చ సాధారణంగా ఖర్చుతో మొదలై ఖర్చుతోనే ముగుస్తుంది. కానీ దస్తరం ఎవరి స్వాధీనంలో ఉండాలి, అది చేతులు మారేదెలా అన్న ప్రశ్నలు మన గ్రామపాలనా చరిత్రకు కొత్తవి కావు. పూర్వం కదిరి తాలూకాలోను, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోను ఉన్న తనకల్లు ప్రాంతం ఆధారంగా ఆ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కరువు సీమలో లెక్క విలువ

1800లో నిజాం నుండి ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్తమండలాలకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి, 1807 వరకు పనిచేశాడు. ఆయన పేరుతో ముడిపడిన రైతువారీ విధానంలో ప్రతి రైతూ, ప్రతి పొలమూ విడివిడిగా లెక్కకెక్కవలసి వచ్చింది. ఊళ్లో ఆ లెక్క రాసేవాడు కరణం. వానమీదనే సేద్యం ఆధారపడిన ఈ పీఠభూమిలో పంట పోయిన ఏడు శిస్తు తగ్గింపు అడగాలంటే ఊరిలెక్కే రైతుకు సాక్ష్యం. నేడు పంటల బీమాకు, పెట్టుబడి రాయితీకి ఈ-క్రాప్ నమోదు అదే పాత్ర వహిస్తున్నది. కాబట్టి ఇక్కడ దస్తరం చెదిరితే నష్టపోయేది కార్యాలయం మాత్రమే కాదు, రైతు కూడా.

కరణం ఊరివాడే, దస్తరమూ ఊళ్లోనే ఉండేది. అయినా అది ఊరి ఆస్తిగా ఉండక, వంశపారంపర్యంగా లెక్క రాసే కుటుంబపు పలుకుబడికి ఆధారమైంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984 జనవరిలో ఆర్డినెన్సు ద్వారా గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. 1985లో సుప్రీంకోర్టు ఆ చర్యను సమర్థించింది. పదవిని ఒక్క ఉత్తర్వుతో రద్దు చేయవచ్చు. దస్తరాన్ని మాత్రం అడిగి, సరిచూసి, అప్పగింత రాయించుకోవాలి. ఈ అనుభవం రెండు సంగతులు తెలుపుతుంది: దస్తరం దగ్గర ఉన్నంత మాత్రాన అది మనదైనట్లు కాదు, అప్పగింత నియమం లేని స్వాధీనం ఎప్పటికైనా పెత్తనమవుతుంది.

3. జిల్లాలు మారినా నిలిచిన కాగితం

కదిరి తాలూకా 1910లో కడప జిల్లా నుండి అనంతపురం జిల్లాకు మారింది. 1985లో మండల వ్యవస్థ వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. పై కార్యాలయం ఇన్నిసార్లు మారినా కాగితం చదవడానికి పాత కార్యాలయం అనుమతి అక్కరలేదు. అక్షరం తెలిసి, పరిభాష తెలిస్తే చాలు. పరిశోధకునికి ఈ గుణమే ప్రాణం.

4. చందా ఇచ్చేదేమిటి, తీసుకునేదేమిటి

గూగుల్ 2006లో, మైక్రోసాఫ్ట్ 2011లో ఆఫీసు పనులకు క్లౌడ్ సేవలను ఆరంభించాయి. వీటి మేలును తక్కువ చేయలేము. ఒకే పత్రాన్ని పలువురు ఏకకాలంలో దిద్దవచ్చు. యంత్రం చెడినా ప్రతి పోదు. ఎవరు ఎప్పుడు ఏ మార్పు చేశారో చరిత్ర నిలుస్తుంది. కరణం లెక్కలపై ఉండిన దిద్దుబాటు అనుమానాలకు ఇది మంచి మందు.

అయితే షరతులు నిర్ణయించేది సేవాదారు. విద్యాసంస్థలకు పరిమితి లేకుండా ఇస్తూ వచ్చిన నిల్వకు గూగుల్ 2021 ఫిబ్రవరిలో హద్దు ప్రకటించింది. సంస్థ మొత్తానికి ఉమ్మడిగా 100 టెరాబైట్లు ఇస్తామని, పాత సంస్థలకు ఇది 2022 జూలై నుండి వర్తిస్తుందని తెలిపింది. చందా ఆగితే మైక్రోసాఫ్ట్ 365 ప్రోగ్రాములలో పత్రం చూడవచ్చుగాని దిద్దడం కుదరదు. ఒకసారి కొన్నదీ శాశ్వతం కాదు: ఆఫీస్ 2016, 2019 సంచికలకు భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సొంత యంత్రమంటే పూర్తి స్వాతంత్ర్యమని భ్రమించడానికీ వీలులేదు.

5. లిపి, రూపం

తెలుగువారికి మరొక అనుభవం ఉంది. యూనికోడ్ తొలి సంచికలోనే, 1991లో, తెలుగుకు స్థానం దక్కింది. అయినా డీటీపీ కేంద్రాలలో అను వంటి ప్రత్యేక ఖతుల వాడకం చాలాకాలం సాగింది. ఆ ఖతి లేని యంత్రంలో ఆ పాఠం అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. ఫైలు మన దగ్గరే ఉంటుంది, చదువు మాత్రం మన దగ్గర ఉండదు. 2006లో అంతర్జాతీయ ప్రమాణమైన ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్, దాన్ని వాడే ఉచిత లిబ్రెఆఫీస్ ఈ చిక్కుకు ఒక పరిష్కారం చూపుతాయి. భారత ప్రభుత్వం కూడా 2010లో ఈ-పాలనకు బహిరంగ ప్రమాణాల విధానాన్ని ప్రకటించింది.

6. ముగింపు

చందా కట్టాలా వద్దా అన్నదానికి ముందు సంస్థ మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవాలి. చందా ఆగిననాడు దస్తరం మొత్తం చేతికి వస్తుందా? వచ్చినదాన్ని మరొక సాఫ్ట్‌వేర్‌తో చదవగలమా? ఖాతా తాళం ఒక ఉద్యోగి పేరుతో ఉందా, సంస్థ పేరుతో ఉందా? పలువురు కలిసి చేసే పనికి, ఏటా నిధులు ఖాయంగా ఉన్నచోట, క్లౌడ్ చందా సమంజసమే. నిధులు ఏడాదికొక తీరుగా వచ్చే చిన్న కార్యాలయానికి ఉచిత సాఫ్ట్‌వేరే క్షేమం. రెండింటిలో దేన్ని ఎంచుకున్నా శాశ్వత దస్తరాన్ని యూనికోడ్ తెలుగులో, బహిరంగ రూపంలో, సేవాదారుకు వెలుపల మరొక ప్రతిగా ఉంచాలి. అధికారి మారినప్పుడల్లా తాళంతో సహా అప్పగింత రాయించుకోవాలి. 1984లో ఊరూరా ఎదురైన పనిని ముందే నియమంగా పెట్టుకోవడం కంటే చవకైన జాగ్రత్త లేదు.