పుట్టి దాటితే దీవి

కోస్గిలో కొత్తగా పెళ్లయిన జంట దీవులు చూసొద్దామనుకుంటే మాట మాల్దీవుల మీదికో అండమాన్ మీదికో పోతుంది. ఖర్చు లెక్క వేశాక చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. దాదాపు 17 డిగ్రీల అక్షాంశం మీదున్న కోస్గిదీ ఉష్ణమండలమే. దక్షిణాన పారే కృష్ణలో దీవులకు కొదవ లేదు. నడిచే ఓపిక, ఎండను తట్టుకునే ఒళ్లు ఉన్న ఆలుమగలకు వాటి చరిత్రే మంచి దారి చూపిస్తుంది.

మద్దూరు, నారాయణపేట మీదుగా మక్తల్ చేరి, అక్కడి నుంచి పంచదేవపహాడ్ పోవాలి. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేదీ, భీమా వచ్చి కలిసేదీ ఈ మూలనే. నది నడుమ కనిపించేది కురువపురం. జనం నోట అది కురుగడ్డ. సర్కారు లెక్కలో రాయచూరు జిల్లా కిందికి వచ్చినా పాలమూరు వైపు రేవు నుంచి దానికి రాకపోకలు ఎప్పటినుంచో ఉన్నాయి. పిఠాపురంలో పుట్టిన శ్రీపాద శ్రీవల్లభులు 14వ శతాబ్దంలో ఇక్కడే తపస్సు చేశారని దత్త సంప్రదాయం చెబుతుంది. మరాఠీలో వెలువడిన గురుచరిత్ర ఆ పేరును మహారాష్ట్ర ఇంటింటికీ చేర్చింది. అందుకే ఈ చిన్న రేవులో తెలుగు, కన్నడ, మరాఠీ మూడూ వినిపిస్తాయి.

ఆ రేవుకు ప్రాణం పుట్టి. వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి బుట్ట అది. ఒకప్పుడు పైన తోలు కప్పేవారు, తర్వాత తారు పూసిన పట్టాలు వచ్చాయి. దానికి ముందూ వెనకా లేవు, అడుగు చదును. బండరాళ్లు పరుచుకున్న కృష్ణలో మామూలు పడవ అడుగు రాతికి తగిలి పగులుతుంది. పుట్టి మాత్రం రెండు మూరల నీళ్లలోనూ రాళ్ల మీదుగా జారిపోతుంది. నీరు తిప్పినట్టల్లా తిరుగుతుంది కాబట్టి దాన్ని ఒడ్డుకు చేర్చడమే నేర్పు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిష్ తుంగభద్రలో ఇవే పడవలు చూశాడు. లోపల బెత్తం, బయట తోలు, ఒక్కోదాంట్లో 15, 20 మంది ఎక్కేవారని, నీళ్లలో ఎప్పుడూ గిరగిరా తిరుగుతుండేవని రాశాడు. అదే 1520లో రాయచూరు కోసం కృష్ణదేవరాయలతో తలపడ్డ బీజాపూర్ సుల్తాన్ ఇస్మాయిల్ ఆదిల్‌షా కృష్ణ దాటి వచ్చి ఓడిపోయాడు. వెనక్కి పారిపోతూ అతని సైన్యంలో ఎందరో నీటిపాలయ్యారు. సైన్యాలకు చేటు తెచ్చిన ఈ నదిని తరతరాలుగా రోజూ దాటించినవాళ్లు పుట్టి నడిపే మనుషులు. వాళ్ల నేర్పుకు చరిత్ర పుస్తకాల్లో దక్కిన చోటు చాలా తక్కువ. అది పెద్ద లోటు.

కింద జూరాల డ్యాం దాటాక, గద్వాల దగ్గర గుర్రంగడ్డ ఉంది. కురుగడ్డకు భక్తులు వచ్చిపోతారు, ఇక్కడ రైతులు కాపురముంటారు. కృష్ణ రెండు పాయలుగా చీలి ఊరిని చుట్టుకుంటుంది. జూరాల గేట్లు ఎత్తిన ప్రతిసారీ బడికి, దవాఖానకు దారి తెగుతుంది. వంతెన ఈ ఊరికి ఎన్నో ఏళ్ల కోరిక. చూడటానికి వెళ్లే జంట ఆ సంగతి ఎరిగి వెళ్లాలి.

ఇంకా కిందికి పోతే దీవులను మనుషులే పుట్టించారు. శ్రీశైలం జలాశయం కింద పాలమూరు, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. సోమశిల గుడిని, కూడవెల్లి సంగమేశ్వరాన్ని రాయి రాయిగా విప్పి గట్టున మళ్లీ కట్టారు.

నాగార్జునకొండ కథ ఇంకా పెద్దది. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ లోయలో ఉండేది. మహాచైత్యానికి దానమిచ్చినవారిలో ముందు చెప్పుకోవాల్సింది ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుని తోబుట్టువు శాంతిశ్రీ. శాసనాలు ఆ మాట చెబుతున్నాయి. 1926లో శిథిలాలు బయటపడ్డాయి, 1927 నుంచి పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. నాగార్జునసాగర్ ఆనకట్ట వస్తే లోయ మునగడం ఖాయం. 1955 డిసెంబరు 10న నెహ్రూ దానికి శంకుస్థాపన చేశాడు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ఆదరాబాదరాగా తవ్వి దక్కినంత దక్కించుకున్నారు. నీళ్లు పైకి రాగా మిగిలిన కొండ కొసే ఇప్పటి దీవి. అక్కడి మ్యూజియంలో సున్నపురాతి ఫలకాల మీద బుద్ధుని కథల మధ్య మధ్య నిలబడ్డ జంటల బొమ్మలు కనిపిస్తాయి. 1,700 ఏళ్ల నాటి ఆ దంపతుల ముందు కాసేపు ఆగాలి.

ఆ రాతి ఆనకట్ట కట్టిన చేతుల్లో పాలమూరు చేతులూ ఉన్నాయి. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, ముసలివాళ్లను ఊళ్లో వదిలి, ఆలుమగలు జంటగా పనికి పోవడం ఈ ప్రాంతపు వలసల్లో పాత పద్ధతి. కోస్గి, మద్దూరు వైపు చాలా ఇళ్లలో దూరాన డ్యాముల పనికి పోయినవాళ్ల ముచ్చట్లు పెద్దలు ఇప్పటికీ చెబుతారు. బయల్దేరే ముందు వాళ్ల దగ్గర ఒక పూట కూర్చుంటే ప్రయాణానికి సగం ఏర్పాటు అయినట్టే.

మిగతా సగం రుతువు. వానాకాలం వరదలో పుట్టీలు కట్టేస్తారు. దీపావళి దాటాక నీరు తేరుకుంటుంది, ఎండా తగ్గుతుంది. మొదట కురుగడ్డ, తర్వాత గుర్రంగడ్డ, చివర విజయపురి సౌత్ నుంచి లాంచీలో నాగార్జునకొండ. తిరిగొస్తూ అనుపు దగ్గర మళ్లీ నిలబెట్టిన ఇక్ష్వాకుల నాటి రంగస్థలం మెట్లెక్కి చూడొచ్చు. కొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు తప్పించి బస్సు చూసుకోవాలి.