లారెల్ నీడన అరటి: నేలకు పొటాష్ ఎక్కడిది?

కోస్టారికా ఆగ్నేయ మూలన, పనామా సరిహద్దును ఆనుకుని తలమాంకా ప్రాంతం ఉంది. అక్కడి బ్రిబ్రి, కాబేకర్ ఆదివాసులు కోకో, అరటి తోటల్లో కలప కోసం లారెల్ చెట్లను ఉంచుకుంటారు. మన నక్కెర ప్రజాతికే చెందిన ఈ చెట్టు గాలికి ఎగిరొచ్చిన విత్తనంతో తనంతట తానే మొలుస్తుంది. 1970ల చివర్లో మోనిలియా తెగులు కోకోను దెబ్బతీశాక అరటి మీద ఆధారం పెరిగింది. ఈ చెట్లు నేలకు బలమిస్తాయని అందరూ అంటారు. ఏ పోషకం విషయంలో అది ఎంత నిజమో విడివిడిగా చూడాలి.

నత్రజని సంగతి కొంత తేటగానే ఉంది. తురియాల్బాలోని కాతియే పరిశోధన సంస్థ 1977లో కోకోను కొన్ని మళ్లలో లారెల్‌తో, కొన్నింట పోరో చెట్టుతో పెంచి పదేళ్లు పరిశీలించింది. నేలలో సేంద్రియ పదార్థం రెండుచోట్లా పెరిగింది, పోరో కింద ఎక్కువగా. పోరో గాలిలోని నత్రజనిని పట్టగలదు, దాని కొమ్మలు కొట్టి నేలమీదే పరుస్తారు. లారెల్‌కు ఆ శక్తి లేదు. అయితే అక్కడి పంట కోకో, పైగా ఎరువులు వేశారు. ఎరువు లేని కొండవాలు అరటికి ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు అన్వయించలేం.

అసలు చిక్కు పొటాషియంతో. వంద గ్రాముల అరటిపండు గుజ్జులో దాదాపు 350 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. నత్రజని అందులో సగం, భాస్వరం 22 మిల్లీగ్రాములే. తొక్కలో పొటాషియం ఇంకా చిక్కగా ఉంటుంది. కాబట్టి పది టన్నుల కాయ అమ్మితే కనీసం 35 కిలోల పొటాషియం తోట దాటిపోయినట్టే. ఇది గాలిలోంచి వచ్చేది కాదు. లోటు ముదిరితే ముందుగా ముసలి ఆకే చెబుతుంది: అంచులు నారింజ కలిసిన పసుపుకు తిరుగుతాయి, కొస లోపలికి ముడుచుకుంటుంది, ఆకు తొందరగా ఎండి వాలిపోతుంది.

చెట్టు లోతు నుంచి పొటాష్ తోడిపోస్తుందన్న వాదన ఉంది. లోతున ఇంకా కరగాల్సిన ఖనిజాలుంటేనే అది సాధ్యం. ఏటి ఒడ్డు ఒండ్రులో ఆ అవకాశం ఉంది. బాగా శిథిలమైన పాత ఎర్రనేలల్లో అడుగున కూడా పేదరికమే. పైగా చెట్ల సన్నవేళ్లు చాలావరకు పైపొరలోనే, అరటి వేళ్ల పక్కనే ఉంటాయి. రాలిన ఆకు నుంచి పొటాషియం వానకే త్వరగా దిగిపోతుంది. అది కొత్తగా వచ్చిందా, అక్కడిదే తిరిగి చేరిందా అన్నది పైమట్టి పరీక్ష ఒక్కటే తేల్చలేదు.

చెట్టు కింది మట్టినీ బయలు మట్టినీ పోల్చడంలో మరో ప్రమాదముంది. సారమున్నచోటే మొలక ఏపుగా లేస్తుంది, రైతు దాన్నే నిలుపుతాడు. నేల మంచిదై చెట్టు నిలిచిందో, చెట్టు వల్ల నేల బాగైందో ఒక్కసారి తీసిన నమూనా చెప్పదు. అదే మడిలో ఏళ్ల తరబడి తీయాలి. గెలల బరువు కూడా రాయాలి, ఎందుకంటే నీడ ఎక్కువై గెల చిన్నదైతే తోట దాటే పొటాషియమూ తగ్గుతుంది. అప్పుడు నేల మెరుగ్గా కనిపించడానికి కారణం పంట తగ్గడమే కావచ్చు.

రైతు చేతిలో ఉన్న పని మాత్రం స్పష్టం. గెల కోశాక బోదెను ముక్కలు చేసి పిలకల మొదట్లో పరిస్తే అందులోని పొటాషియం తోటలోనే ఉంటుంది. కలప కొట్టినప్పుడూ అంతే. దుంగలో పోషకాల శాతం తక్కువ. ఆకులో, బెరడులో ఎక్కువ. అందుకే బెరడు అక్కడే ఒలిచి, కొమ్మారెమ్మా వదిలి, దుంగను మాత్రమే బండి ఎక్కించాలి.