గుత్తా జ్వాల: జంట ఆటకు కట్టిన వెల

2016 ఆగస్టు 22న శంషాబాద్ విమానాశ్రయం నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా పి.వి. సింధును పైకప్పు లేని డబుల్ డెక్కర్ బస్సులో ఊరేగించారు. రియో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చిన ఇరవై ఒక్క ఏళ్ల అమ్మాయి, పక్కన కోచ్ గోపీచంద్, రోడ్డుకి రెండువైపులా జనం. ఒక ఆడపిల్ల గెలుపుని ఊరు ఇంత పండగ చేసుకోవడం చూసి మనమంతా సంతోషించాం. అదే రియోలో ఈ ఊరి మనిషే అయిన గుత్తా జ్వాల కూడా ఆడింది. అశ్వినీ పొన్నప్పతో కలిసి గ్రూపులో మూడు మ్యాచ్‌లూ ఓడింది. ఓడినవాళ్లకి ఊరేగింపు ఉండదు, నిజమే. కానీ ఆమె గెలిచిన రోజుల చరిత్ర కూడా మనకి సగం సగంగానే ఎందుకు గుర్తుంది?

జ్వాల 1983 సెప్టెంబరులో వార్ధాలో పుట్టింది. తండ్రి క్రాంతి తెలుగువాడు. తల్లి యెలాన్ చైనా నుంచి సేవాగ్రామ్ ఆశ్రమానికి వచ్చిన స్త్రీ. హైదరాబాద్‌లో ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర చిన్నతనంలోనే ఆట నేర్చుకుంది. 2000లో, పదిహేడేళ్లకి, జాతీయ జూనియర్ ఛాంపియన్ అయింది. అదే ఏడు శ్రుతి కురియన్‌తో కలిసి డబుల్స్‌లో జూనియర్, సీనియర్ జాతీయ టైటిళ్లు రెండూ గెలిచింది. తర్వాత ఆ జంట 2002 నుంచి 2008 దాకా వరుసగా ఏడుసార్లు జాతీయ విజేత. సింగిల్స్ చేతకానివాళ్లే డబుల్స్‌కి వస్తారన్న చిన్నచూపు మన దేశంలో పాతుకుపోయి ఉంది కాబట్టి ఇవన్నీ చెప్పాల్సి వస్తోంది.

అసలు డబుల్స్ అంటే ఏమిటి? సింగిల్స్ కోర్టు వెడల్పు 17 అడుగులు, డబుల్స్‌కి 20. పెరిగింది మూడడుగులే, ఆడేది ఇద్దరు. ఇద్దరున్నారు కదా, పని సగమవుతుందనుకుంటాం. కాదు. షటిల్ తిరిగొచ్చే వేగం పెరుగుతుంది, ఆలోచించుకునే వ్యవధి తగ్గుతుంది. కాచుకునేటప్పుడు పక్కపక్కన నిలబడాలి, దాడి చేసేటప్పుడు ఒకరు నెట్ దగ్గర, ఒకరు వెనక. ఈ మార్పు మాట్లాడుకుని చేసేది కాదు, ఒకరి భుజం కదలికని ఇంకొకరు చదువుకోవాలి. అశ్విని వెనకనుంచి కొట్టే స్మాష్ అందరికీ కనిపించేది. ఎడమచేతివాటం జ్వాల నెట్ దగ్గర చిన్న చిన్న తట్లతో, అవతలివాళ్లు షటిల్‌ని పైకి లేపక తప్పని పరిస్థితి తెచ్చేది. అలా లేచిన షటిల్‌నే అశ్విని కొట్టేది. చప్పట్లు స్మాష్‌కి. కనిపించని చాకిరీ గురించి ఇన్నేళ్లుగా రాస్తున్న మనకి ఈ లెక్క కొత్తదేమీ కాదు.

2010 అక్టోబరులో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో ఈ ఇద్దరూ సింగపూర్ జంటను ఓడించి స్వర్ణం గెలిచారు. మహిళల డబుల్స్‌లో భారత్‌కి అదే మొదటి స్వర్ణం. 1978లో ఎడ్మంటన్‌లో అమీ ఘియా, కన్వల్ ఠాకర్ సింగ్ ఈ విభాగంలోనే కాంస్యం తెచ్చారు. వాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? 2011లో లండన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో జ్వాల, అశ్విని కాంస్యం సాధించారు. 1983లో ప్రకాశ్ పదుకొనె తెచ్చిన కాంస్యం తర్వాత దేశానికి దక్కిన ప్రపంచ పతకం అది. సింధు 2013లోను, సైనా 2015లోను ప్రపంచ పతకాలు అందుకున్నారు. అంటే ఆ వేదిక ఎక్కిన మొదటి భారతీయ స్త్రీ ఒకరు కాదు, ఇద్దరు. మొదటి స్త్రీ ఎవరని అడగడానికి అలవాటుపడ్డ మన చరిత్ర రచన ఇక్కడ కాస్త తడబడుతుంది.

2012 లండన్ ఒలింపిక్స్‌కి జ్వాల మహిళల డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ రెండింటిలోనూ అర్హత సంపాదించింది. రెండు విభాగాల్లో ఆడిన మొదటి భారత బ్యాడ్మింటన్ క్రీడాకారిణి ఆమే. మహిళల డబుల్స్‌లో రెండు మ్యాచ్‌లు గెలిచినా ఒక్క పాయింటు తేడాతో క్వార్టర్ ఫైనల్ చేజారింది. జపాన్ జంట తైపీ జంట చేతిలో కావాలనే ఓడిందని భారత్ ఫిర్యాదు చేసింది, అది నిలవలేదు. అనుకూలమైన ప్రత్యర్థుల కోసం కావాలని ఓడారని నాలుగు జంటలను, ఎనిమిదిమంది స్త్రీలను, ఇంటికి పంపింది కూడా ఆ పోటీల్లోనే.

ఇక 2013. ఇండియన్ బ్యాడ్మింటన్ లీగ్ మొదలైంది. ఆరుగురు ఐకాన్ క్రీడాకారుల్లో జ్వాల, అశ్విని ఉన్నారు, కనీస ధర 50,000 డాలర్లు. జూలైలో వేలంపాట నాటికి వీళ్లిద్దరి ధర మాత్రం 25,000 అయింది, ముందుగా ఓ మాటైనా చెప్పకుండా. ఎందుకంటే అప్పటికే మహిళల డబుల్స్‌నే లీగ్ నుంచి తీసేసి ఇంకో పురుషుల సింగిల్స్ పెట్టారు. జ్వాల 31,000కి, అశ్విని 25,000కి అమ్ముడయ్యారు. సైనాకి 1,20,000 పలికింది. స్త్రీల ఆటకి విలువ లేదని ఇక్కడ అనలేం. ఇద్దరు స్త్రీలు కలిసి ఆడే ఆటకి చోటు లేదన్నారు. పురుషుల డబుల్స్ ఉంది, పురుషుడితో కలిసి ఆడే మిక్స్‌డ్ ఉంది. 2016లో లీగ్ పేరు మార్చుకుని మళ్లీ వచ్చినప్పుడూ ఈ లోటు అలాగే ఉంది.

జ్వాల ఊరుకోలేదు. లీగ్‌లో జరిగిన ఓ గొడవ మీద బ్యాడ్మింటన్ సంఘం క్రమశిక్షణ కమిటీ ఆమెకి జీవితకాల నిషేధం సిఫారసు చేసింది. అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు జోక్యం చేసుకుంటేగానీ ఆడే వీలు కలగలేదు. జాతీయ కోచ్ సొంత అకాడమీ నడపడమేమిటని కూడా ఆమె బాహాటంగానే అడిగింది. ఆమె అన్నవన్నీ ఒప్పుకోనక్కర్లేదు. ఆ అకాడమీ నుంచి ఎంతమంది వచ్చారో చూస్తూనే ఉన్నాం. కానీ ప్రశ్నకి జవాబుగా వచ్చినవి ఆమె బట్టలు, ఆమె విడాకులు, ఆమె సినిమా పాట. 2020లో కరోనా వచ్చాక తల్లి పుట్టిన దేశాన్ని పట్టుకుని వెక్కిరించారు. మంచి కూతురు, కఠినమైన గురువు, త్యాగం చేసిన తండ్రి అన్న కథలో సింగిల్స్ క్రీడాకారిణి తేలిగ్గా ఇమిడిపోతుంది. తనలాంటి ఇంకో ఆడమనిషిని నమ్ముకుని, పెద్దల్ని నిలదీసే స్త్రీకి ఆ కథలో పాత్ర దొరకదు.

నిషేధం మాట వచ్చిన మరుసటి ఏడే గ్లాస్గోలో రజతం, ఉబెర్ కప్‌లో జట్టుకి కాంస్యం. 2015లో కెనడా ఓపెన్ టైటిల్. 2020లో మొయినాబాద్‌లో ఆమె తన అకాడమీ మొదలుపెట్టింది. 2022 బర్మింగ్‌హామ్‌ కామన్వెల్త్ క్రీడల్లో మహిళల డబుల్స్ కాంస్యం ట్రీసా జాలీ, గాయత్రి జంటకి వచ్చింది. గాయత్రి గోపీచంద్ కూతురు.