పెనుకొండ ముట్టడి: ప్రశస్తి, ప్రతిపక్ష కథనం

1565లో రక్కసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు హతుడైన పిదప తిరుమలరాయలు విజయనగరాన్ని విడిచి పెనుకొండను రాజధానిగా చేసుకున్నాడు. కదిరి, గాండ్లపెంటలకు పడమరగా ఉన్న ఈ పట్టణాన్ని శాసనాలు ఘనగిరి అని పేర్కొంటాయి. బుక్కరాయల కుమారుడు వీర విరుపణ్ణ ఏలుబడిలో 1354లో ఇచ్చట కోట కట్టబడినట్లు ఉత్తర ద్వార శాసనం తెలుపుతున్నది. కొండ పైన దుర్గం, దిగువన ప్రాకారాల నడుమ నగరం. కనుక ఇచ్చటి ముట్టడి కేవలం సైనిక స్థావరంపై జరిగిన దాడి కాదు. నివాస నగరంపై, రాజపీఠంపై జరిగిన దాడి.

1576-77 ప్రాంతంలో బీజాపూరు సుల్తాను అలీ ఆదిల్షా దీనిని ముట్టడించి విఫలుడైనాడు. ఫలితం దృష్ట్యా అంతకంటె ముఖ్యమైనది 1589 ప్రాంతంలో గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా సాగించిన ముట్టడి. అప్పటికి వెంకటపతిరాయలు సింహాసనమెక్కి ఎంతో కాలం కాలేదు.

ఈ ఘట్టానికి రెండు విధాల ఆధారాలున్నాయి. వెంకటపతిరాయల తామ్రశాసనాలలోని సంస్కృత ప్రశస్తి, మల్కిభరాముని కుమారుడైన మహమ్మదుషా ఏనుగులను, గుర్రాలను, ఛత్రాలను కోల్పోయి రణరంగం వీడినట్లు కీర్తిస్తుంది. 1617 ప్రాంతంలో పారసీకంలో వెలువడిన కర్తృనామరహిత గోలకొండ చరిత్ర మరొక విధంగా చెబుతుంది. రాయలు సంధి కోరగా సుల్తాను ముట్టడి సడలించాడట. ఆ వ్యవధిలో మూడు రోజులలో కోటలోనికి ధాన్యాదులు చేరాయి. నాలుగవ రోజున జగదేవరాయలు 30,000 తుపాకీభటులతో లోనికి ప్రవేశించాడు. వానకాలం సమీపించింది. కృష్ణ పొంగితే తిరుగుదారి మూసుకుపోతుందని గోలకొండ సేన వెనుదిరిగింది.

రెండూ పక్షపాతం గల రచనలే. సంధి పేరిట మోసపోయామనడంలో ఓటమికి సాకు ఉన్నది. 30,000 అన్న సంఖ్యలో శత్రుబలాన్ని పెంచి చూపే ధోరణి ఉండవచ్చు. అయితే ముట్టడి విఫలమైనదన్న అంశంలో రెండూ ఏకీభవిస్తున్నాయి. తమ పక్షానికి గౌరవం కాని ఈ విషయాన్ని గోలకొండ చరిత్రకారుడు అంగీకరించడమే దానికి బలమైన ప్రమాణం. ధాన్యం చేర్చడానికి సంధి కావలసి వచ్చిందంటే నగరం అప్పటికే ఆహారలోపానికి గురియైనదని భావించవచ్చు. ప్రశస్తి చెప్పని సంగతి ఇదే. ఈ కథనం మేరకు జయాపజయాలను నిర్ణయించినది రణరంగంలోని శౌర్యం మాత్రమే కాదు. ధాన్యం, వ్యవధి, రానున్న వానలు.

ఫలితం గణనీయమైనది. రాయల సేన రక్షణ స్థితినుండి దాడికి మారి, గోలకొండ దండు నిలిచిన గండికోటను తిరిగి ముట్టడించింది. వెంకటపతిరాయలు 1614 వరకు పాలించాడు. అయినను గెలిచిన నగరం రాజధానిగా మిగలలేదు. కొద్ది సంవత్సరాలకే పీఠం దక్షిణాన చంద్రగిరికి తరలింది. సరిహద్దుకు సమీపంగా ఉన్న నగరాన్ని కాపాడుకోవచ్చును గాని, ప్రతి ఏటా అచ్చట నిశ్చింతగా పాలించడం సాధ్యం కాదని ఈ తరలింపు సూచిస్తున్నది. కాబట్టి పెనుకొండ విజయాన్ని ప్రశస్తి దృష్టితో మాత్రమే గాక, ఆ విజయం వెనుకనున్న ఆకలి, ఆ విజయానంతర నిష్క్రమణ దృష్టితో కూడ పరిశీలించడం సముచితం.